టేస్టింగ్ మెనూకి వెళ్తున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పది పన్నెండు కుర్చీలు, ఎదురుగా వంటగది, ఎంచుకోవడానికి మెనూ ఉండదు, షెఫ్ అనుకున్న చిన్న చిన్న వంటకాలు, అంటే కోర్సులు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అదే టేస్టింగ్ మెనూ. ఈ తరహా చిన్న రెస్టారెంట్ల గురించి పాఠకులు అడిగినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: టేబుల్ మీద గుడ్డ లేదు, షెఫ్ టీషర్టు మీద ఏప్రన్ కట్టుకుని తనే వడ్డిస్తాడు, కూర్చునేది స్టూలు మీద. దీన్ని ఫైన్ డైనింగ్ అని ఎందుకంటారు? అంత ధర దేనికి?

జవాబు: ఆ గుడ్డలు, వెండి సామాను, కోట్లు తొడుక్కున్న సర్వర్లు తీసేసి, ఆ ఖర్చేదో వంట మీద పెడదామన్న ఆలోచనలోంచే ఈ తరహా వచ్చింది. పెద్ద హోటల్ వంటగదిలో పనిచేసిన ఈవ్ కాందెబోర్డ్ 1992లో పారిస్‌లో 'లా రెగలాద్' అనే మామూలు బిస్ట్రో, అంటే చిన్న భోజనశాల తెరిచి, హంగులు తగ్గించి వంట స్థాయి మాత్రం తగ్గనివ్వలేదు. 2003లో ఫ్రెంచ్ షెఫ్ జోయెల్ రోబుషాన్ పారిస్, టోక్యో నగరాల్లో తెరిచిన 'అతెలియే' రెస్టారెంట్లలో అతిథులు వంటగది చుట్టూ ఉన్న కౌంటర్ దగ్గర ఎత్తు స్టూళ్ల మీద కూర్చున్నారు. జపాన్ సుషీ కౌంటరే దానికి ఒక నమూనా.

ఇక ధర. పన్నెండు మందికి పది కోర్సులంటే రాత్రికి 120 ప్లేట్లు. ఒక్కో ప్లేటులో నాలుగైదు రకాల పనులుంటాయి, అందులో ఒక సాసు రెండు రోజుల ముందు మొదలై ఉండొచ్చు. చేసేవాళ్లు ముగ్గురో నలుగురో. పైగా ఒక కుర్చీ రాత్రికి ఒక బంతికి, మహా అయితే రెండు బంతులకు అమ్ముడవుతుంది. మామూలు రెస్టారెంటులో అదే కుర్చీలో ముగ్గురు నలుగురు కూర్చుని లేస్తారు.

ఒక్కటి మాత్రం ముందే గుర్తుపెట్టుకోండి. ఇక్కడ సడలింపు కూర్చునే తీరులో, కబుర్లలో, బట్టల్లో ఉంటుంది. సమయం దగ్గర ఉండదు. కింద వచ్చే చాలా ఫిర్యాదులకు మూలం ఇదే.

ప్రశ్న: బుకింగ్ తెరిచిన ఐదు నిమిషాల్లో సీట్లన్నీ అయిపోతున్నాయి. దారేమైనా ఉందా?

జవాబు: ఉంది, కానీ ఓపిక కావాలి. చాలాచోట్ల నెలకో వారానికో ఒకసారి, ఫలానా రోజు ఫలానా గంటకని సీట్లు వదులుతారు. ఖాతా ముందే తెరిచి, కార్డు వివరాలు ఎక్కించి ఉంచుకోండి. అక్కడ పోయే రెండు నిమిషాలే కొంప ముంచేది. ఇద్దరికి సీట్లు దొరకడం తేలిక. ఒక్కరికైతే ఇంకా తేలిక, ఎందుకంటే జంటల మధ్య మిగిలిపోయే ఒంటి కుర్చీ ఎవరికీ పనికిరాదు. నలుగురు దాటితే కౌంటర్ సీట్లు తీసుకోవద్దనే మా సలహా. వరసగా కూర్చున్నప్పుడు ఆ చివరివాళ్ల మాట ఈ చివరివాళ్లకు వినపడదు. విడిగా టేబుల్ ఉందేమో అడగండి.

వెయిటింగ్ లిస్టులో పేరు ఇచ్చి ఊరుకోకండి. డబ్బు పోకుండా రద్దు చేసుకునే గడువు 48 గంటలా, 72 గంటలా అన్నది చూడండి. రద్దులు ఎక్కువగా ఆ గడువు ముగిసే పూటే జరుగుతాయి. మీకు కావాల్సిన రోజుకు సరిగ్గా మూడు రోజుల ముందు, రెండు రోజుల ముందు ఒకసారి బుకింగ్ పేజీ తెరిచి చూడండి.

ముందే పూర్తి డబ్బు అడిగితే కంగారు పడక్కర్లేదు. 2011లో షికాగోలో మొదలైన 'నెక్స్ట్' రెస్టారెంట్ నాటకం టికెట్టులా భోజనం టికెట్టు అమ్మింది, ఆ పద్ధతి తర్వాత చాలామంది పట్టుకున్నారు. పన్నెండులో రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే ఆరో వంతు రాబడి పోయినట్టే, కొన్న సరుకేమో అప్పటికే కోసి ఉంటుంది. మీరు కట్టేముందు మూడు సంగతులు చూసుకోండి: గడువు దాటాక ఎంత పోతుంది, తేదీ మార్చుకోవచ్చా, మీ బదులు ఇంకొకరిని పంపవచ్చా. మూడోదానికి చాలామంది ఒప్పుకుంటారు, కాకపోతే వచ్చేవాళ్లకు ఏం పడదో ముందుగా చెప్పాలి.

ప్రశ్న: నాకు రొయ్యలు, పీతలు పడవు. కూర్చున్నాక ఆ మాట చెప్పాను. మూడు కోర్సుల్లో ఏదో తీసేసి చప్పగా ఇచ్చారు. డబ్బు మాత్రం అందరితో సమానంగా తీసుకున్నారు. ఇది వాళ్ల నిర్లక్ష్యం కాదా?

జవాబు: కాదనే చెప్పాలి. మీరు కూర్చునే వేళకు వంట ముప్పాతిక వంతు అయిపోయి ఉంటుంది. రొయ్య కనిపించేది ఒక ప్లేటులోనే అయినా, దాని తలలు, పెంకులు వేయించి తీసిన నూనె ఇంకో కోర్సు మీద చుక్కలుగా పడుతుంది. ఆ పెంకులతో కాచిన రసం, అంటే స్టాకు, మూడోదాని సాసులో ఉంటుంది. ఆ నిమిషంలో వాళ్లు చేయగలిగింది తీసేయడమే. తీసేసినచోట పెట్టడానికి వేరేది వండి ఉండదు. ఉప్పు, పులుపు, కమ్మదనం ఉన్న సాసు లేకపోతే మిగిలేది ఉడికిన కూరగాయ. అదే మూడు రోజుల ముందు చెప్పి ఉంటే మీ ఒక్కరికి వేరే స్టాకు కాచేవాళ్లు.

బుకింగ్ చేసేటప్పుడు ఉండే గడిలో 'సీఫుడ్ అలర్జీ' అని రెండు మాటలు రాస్తే సరిపోదు. చేపలు పడతాయా? నత్తలు, ఆల్చిప్పలు? ఇలా రాయండి: "రొయ్య, పీత, లాబ్‌స్టర్ ఏ రూపంలోనూ వద్దు, స్టాకు, నూనె, పొడి కూడా వద్దు. చేపలు, ఆల్చిప్పలు తింటాను. రొయ్య, పీత తింటే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడదు. వాటిని వేయించిన నూనెలో వేయించినది కూడా పడదు." ఏది, ఎంతవరకు, తింటే ఏమవుతుంది అన్న మూడూ అందులో వచ్చేశాయి. వాళ్ల నుంచి జవాబు రాకపోతే మళ్లీ ఫోన్ చేయండి. ఆ రోజు కూర్చోగానే ఇంకోసారి గుర్తు చేయండి. ఊపిరి ఆడని స్థాయి అలర్జీ ఉన్నవాళ్లు డాక్టరు రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ జేబులో లేకుండా వెళ్లకూడదు. అంత చిన్న వంటగదిలో గాలి, గుడ్డ, గరిటె అన్నీ ఉమ్మడే.

పాల సంగతి ప్రత్యేకం. లాక్టోజ్ పడకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. మొదటిదానిలో ఇబ్బంది పాలలోని చక్కెరతో, వెన్నలో అది చాలా తక్కువ కాబట్టి కొంచెం వెన్న చాలామందికి ఏమీ చేయదు. రెండోది పాల ప్రొటీన్‌తో వచ్చేది, దానికి వెన్న కూడా పనికిరాదు. ఈ రెంటిలో ఏదో తేల్చి చెప్పకపోతే వంటవాళ్లు జాగ్రత్తకు మొత్తం తీసేస్తారు, మీకు దక్కాల్సిన సగం రుచి పోతుంది. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) వద్దన్నవాళ్లు సోయా సాసు గురించి అడగండి, మామూలు సోయా సాసులో గోధుమ ఉంటుంది.

ఇష్టం లేనిదాన్ని అలర్జీ అని చెప్పేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. అలర్జీ అంటే బోర్డు, కత్తి, నూనె మార్చి విడిగా చేస్తారు. అంత చేయించుకుని, పక్కవాళ్ల ప్లేటులోంచి అదే పదార్థం రుచి చూస్తే, తర్వాత నిజంగా అలర్జీ ఉన్న మనిషి మాటకు విలువ తగ్గుతుంది. 'నాకు నచ్చదు' అన్నా చాలాచోట్ల వింటారు, ఒకటి రెండింటి వరకు.

ప్రశ్న: మేం పక్కా శాకాహారులం. శాకాహార మెనూ ఉందంటున్నారు, నమ్మవచ్చా?

జవాబు: నమ్మండి, కానీ అడగాల్సినవి అడిగాక. కంటికి కనపడే మాంసం గురించి ఎవరూ పొరపాటు పడరు. దాక్కునేవే సమస్య. దాషి అనే జపాన్ రసంలో సముద్రపు పాచితో పాటు ఎండబెట్టిన బొనీటో చేప రేకులు వేస్తారు. పార్మిజాన్ చీజ్‌లో పాలను విరిచేది దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్. వూస్టర్‌షైర్ సాసులో ఆంకోవీ చేప ఉంటుంది. వణికే తీపి పదార్థాల్లో చాలాసార్లు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. అద్దంలా తేటగా ఉన్న సూపును చాలాసార్లు గుడ్డు తెల్లసొనతో తేరుస్తారు. వైన్‌ను తేర్చడానికి కూడా తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం వాడేవాళ్లున్నారు. అందుకే 'గుడ్డు తింటారా, చీజ్ తింటారా' అని వాళ్లు అడిగేలోపే మీరే చెప్పేయండి.

ఇంకో ప్రశ్న కూడా వేయండి: "మీ శాకాహార మెనూలో ఎన్ని కోర్సులు విడిగా ఆలోచించి చేసినవి, ఎన్నింటిలో మాంసం తీసేసి పుట్టగొడుగు పెట్టారు?" జవాబు చెప్పేటప్పుడు తడబడితే ఇంకో చోటు చూసుకోవడం మేలు. మంచి చోట్ల సగానికి పైగా విడిగా చేసినవే ఉంటాయి.

ప్రశ్న: పది కోర్సులు కదా అని పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వెళ్లాను. ఏడో కోర్సుకే పొట్ట నిండిపోయింది. అసలు ఒక్కో ప్లేటులో ఉన్నది రెండు ముద్దలే!

జవాబు: బ్రెడ్ ఎంత తిన్నారో గుర్తు తెచ్చుకోండి. మొదటి మూడు నాలుగు తినుబండారాలు ఒక్కొక్కటి ఒక ముద్ద. నకనకలాడుతూ కూర్చున్న మనిషికి అవి పంటి కిందకు కూడా రావు. సరిగ్గా అప్పుడు వేడివేడి రొట్టె, పక్కన వెన్న గిన్నె వస్తాయి. అరచేయంత బ్రెడ్ ముక్క 60, 70 గ్రాములుంటుంది. రెండు ముక్కలు, బాగా పూసిన వెన్నతో, ఒక మెయిన్ కోర్సు కంటే బరువు. అడిగితే మూడోది కూడా ఇస్తారు, మొహమాటం లేకుండా. పొట్ట నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలదాకా పడుతుంది కాబట్టి తినేటప్పుడు తెలియదు, రెండు కోర్సుల తర్వాత తెలుస్తుంది.

మధ్యాహ్నం మామూలు భోజనంలో ముప్పాతిక తినండి. రాత్రి బంతికి నాలుగైదు గంటల ముందు ఆపేయండి. బ్రెడ్ ఒక ముక్క తిని, సగం ఉంచుకుని తర్వాత వచ్చే సాసు అద్దుకోండి. ప్లేటు తీసుకెళ్లడానికి సర్వర్ వచ్చినప్పుడు 'ఈ ముక్క ఉండనివ్వండి' అంటే చాలు. ఐదో కోర్సు దగ్గరే బరువుగా అనిపిస్తే అప్పుడే చెప్పండి, మాంసం కోర్సు చిన్నది చేసి ఇస్తారు. ప్లేటు ముందుకొచ్చాక చెప్తే వృథా అవుతుంది. ప్యాక్ చేసి ఇమ్మంటే సాధారణంగా ఇవ్వరు. ఆ వంటకాలు ఇంటికి చేరేసరికి చప్పబడి, నానిపోయి ఉంటాయి, వాళ్ల పేరు పోయేది అక్కడే.

ప్రశ్న: వైన్ పేరింగ్ తీసుకోవాలా వద్దా? మద్యం తాగనివాళ్ల సంగతేమిటి?

జవాబు: పేరింగ్ అంటే కోర్సులకు తగ్గట్టు ఎంచిన వైన్లు గ్లాసు చొప్పున పోయడం. లెక్క చూద్దాం. ఒక్కో గ్లాసులో 60 నుంచి 90 మి.లీ. పోస్తారు. 75 అనుకుంటే ఆరు గ్లాసులకు 450 మి.లీ., అంటే 750 మి.లీ. సీసాలో అరవై శాతం. 13 శాతం ఆల్కహాల్ లెక్కన అందులో దాదాపు 58 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. విస్కీ లెక్కలో చెప్పాలంటే 30 మి.లీ. పెగ్గులు దాదాపు ఐదు. కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి తాగినట్టే అనిపించదు. ఎనిమిదో కోర్సు రుచి మరునాడు గుర్తులేదని చెప్పేవాళ్లంతా పేరింగ్ పూర్తిగా తీసుకున్నవాళ్లే. ఇద్దరు కలిసి ఒక పేరింగ్ పంచుకోవడం మాకు నచ్చే పద్ధతి. కొన్నిచోట్ల సగం కొలతతో పోస్తారు కూడా, అడగాలి. గ్లాసు ఖాళీ చేయాలన్న నియమమేమీ లేదు. ఇంటికి మాత్రం మీరు కారు నడపకండి.

వైన్ వాసన చూసినప్పుడు తడిసిన అట్టముక్కలా, ముక్కిన గదిలా ఉంటే అది బిరడా వల్ల వచ్చిన లోపం. సర్వర్‌కు చెప్పండి, మారుస్తారు. నచ్చలేదని మాత్రం మార్చరు.

మద్యం లేని పేరింగ్ ఇప్పుడు చాలాచోట్ల ఉంది. అందులో మంచిది, మామూలుది తేడా చక్కెరలో తెలుస్తుంది. ఎనిమిది గ్లాసులూ పళ్లరసాలే అయితే నాలుగోదానికే నాలుక మొద్దుబారుతుంది. చల్లగా నానబెట్టిన టీలు, కొంబుచా (పులియబెట్టిన టీ), పులియబెట్టిన కూరగాయల రసాలు, కాచిన ఆకుల నీళ్లు ఉంటే తీసుకోండి. లేకపోతే మంచినీళ్లు చాలు.

ప్రశ్న: ట్రాఫిక్ వల్ల 25 నిమిషాలు ఆలస్యమైంది. మొదటి రెండు కోర్సులు లేకుండానే మొదలుపెట్టారు. తర్వాత నేను బాత్రూముకి వెళ్లొచ్చేసరికి నా ప్లేటు వెనక్కి తీసుకెళ్లారు. ఇంత పట్టింపా?

జవాబు: కౌంటర్ అవతలి వైపు నుంచి చూడండి. చేప కోర్సు వస్తోందనుకుందాం. పన్నెండు ముక్కలు పెనం మీద చర్మం కిందికి పెట్టి, ముడుచుకోకుండా గరిటెతో నొక్కి పట్టి కాలుస్తారు. ఒకరు వేడి ప్లేట్లు వరసగా పరుస్తారు. ఇంకొకరు చెంచా సాసు, మరొకరు ఆకు. చర్మం పైకి ఉండేలా ముక్క పెట్టిన క్షణం నుంచి లెక్క మొదలు. లోపలి మాంసంలోంచి ఆవిరి పైకి తన్నుతూనే ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో కరకరలాడే చర్మం తోలులా సాగుతుంది. వెన్న సాసు మీద పొర కడుతుంది. పైన వేసిన నురగైతే అంతకంటే ముందే కూలిపోతుంది. మీ ప్లేటు వెనక్కి తీసుకెళ్లింది దాన్ని కాపాడటానికో, మళ్లీ చేయడానికో. అక్కడే వదిలేసి ఉంటే అది నిజమైన నిర్లక్ష్యం.

బాత్రూముకి వెళ్లాలంటే మీ ప్లేటు తీసిన వెంటనే లేవండి. కోర్సుకు కోర్సుకు మధ్య పది పదిహేను నిమిషాలుంటుంది, కానీ అందులో చివరి ఐదు మీవి కావు. లేచేటప్పుడు 'వస్తాను' అని ఎదురుగా ఉన్నవాళ్లకు చెప్పండి, వాళ్లు మీ ముక్కను చివరగా పెనం మీద వేస్తారు. ఫోన్ వస్తే కూడా ఇంతే.

ఆలస్యం విషయంలో, ఒకే బంతి ఉన్నచోట పదిహేను నిమిషాలకు మించి ఆగరు, ఆగితే మిగతా పదిమందికి అన్యాయం. దారిలో ఉన్నప్పుడే ఫోన్ చేస్తే చల్లటి కోర్సులు మీ కోసం పక్కన పెట్టగలరు. అరగంట ముందు వెళ్లడం కూడా సాయమేమీ కాదు, అప్పుడు వాళ్లు నిలబడి తమ భోజనం చేస్తుంటారు.

ప్రశ్న: ఏ చెంచా ఎప్పుడు వాడాలో తెలియక పక్కవాళ్లను చూస్తూ కూర్చున్నాను.

జవాబు: వాళ్లూ మిమ్మల్నే చూస్తూ ఉండి ఉంటారు! ఇలాంటిచోట కోర్సుకో చెంచా మారుస్తారు, ముందు ఏది ఉంటే అదే. ఏదీ పెట్టలేదంటే చేత్తో తినమని అర్థం. 'ఒకే ముద్దలో తినండి' అంటే మాత్రం తప్పకుండా వినండి. పైకి గుండ్రటి గుడ్డులా ఉండి లోపల ద్రవం ఉండేవి ఉంటాయి. సముద్రపు పాచి నుంచి తీసే సోడియం ఆల్జినేట్, కాల్షియం కలిసినచోట పలచటి పొర కట్టి, ఆ పొరే ద్రవాన్ని పట్టుకుని ఉంటుంది. సగం కొరికితే మిగతా సగం మీ చొక్కా మీద.

ప్రశ్న: బట్టలు, సెంటు, ఫోటోలు?

జవాబు: శుభ్రంగా ఉన్నవి ఏవైనా. సెంటు వద్దు, పక్క కుర్చీ మోచేతి దూరంలో ఉంటుంది, రుచిలో పెద్ద వాటా వాసనదే. ఫోటో ఒకటి, ఫ్లాష్ లేకుండా. ఐస్‌క్రీమును మూడు కోణాల్లో తీసేవాళ్లకు సూపు తాగే యోగమే రాసిపెట్టి ఉంటుంది.

ప్రశ్న: బాతు మాంసం లోపల గులాబీ రంగులో ఉంది, తినలేకపోయాను. చెప్పడానికి మొహమాటమేసింది.

జవాబు: రెండో ముద్దకు ముందే చెప్పాలి, మెల్లగా, సూటిగా: "నాకు ఇంకొంచెం ఉడకాలి." బాతు రొమ్ము, గొర్రె మాంసం అలా గులాబీ రంగులో ఇవ్వడం వాళ్ల ఉద్దేశమే, పచ్చిగా వదిలేయడం కాదు. అయినా ఇంకో రెండు మూడు నిమిషాలు ఓవెన్‌లో పెట్టివ్వడం ఏ వంటగదికీ కష్టం కాదు. ఉప్పెక్కువైంది, చల్లారింది, ముల్లు వచ్చింది, ఇవన్నీ అప్పటికప్పుడే చెప్పాలి. బిల్లు కట్టాక చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు. గర్భిణులు మాత్రం బుకింగ్‌లోనే రాయాలి: పచ్చి చేప, సగం ఉడికిన గుడ్డు, మాంసం, పాశ్చరైజ్ చేయని పాల చీజ్, మద్యంతో చేసిన సాసులు తీసేసి వేరేవి పెడతారు.

ప్రశ్న: ముందే డబ్బు కట్టినా చివర్లో మళ్లీ బిల్లు వచ్చింది.

జవాబు: ముందు కట్టింది మెనూకి మాత్రమే. సీసా నీళ్లు, పానీయాలు, కాఫీ విడిగా ఉంటాయి. 'దీని మీద ట్రఫుల్ (ఖరీదైన పుట్టగొడుగు) గీసివ్వమంటారా', 'కేవియార్ (చేప గుడ్లు) వేయమంటారా' అని ఎంత ప్రేమగా అడిగినా అది అమ్మకమే. 'దీనికి విడిగా ఎంత?' అని అడగడంలో నామోషీ ఏమీ లేదు. టిప్ ఇచ్చేముందు సర్వీస్ చార్జీ బిల్లులో కలిసి ఉందేమో చూసుకోండి. జపాన్‌లో టిప్ ఇచ్చే అలవాటే లేదు.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. కౌంటర్ దగ్గర పక్కవాళ్ల మోచేయి తగులుతూనే ఉంటుంది.

జవాబు: బుకింగ్‌లో ఆ ఒక్క మాట రాసి, కౌంటర్‌కు ఎడమ చివర కుర్చీ అడగండి. అటువైపు ఎవరూ ఉండరు. చెంచాలు కూడా తిప్పి పెడతారు. సుషీ కౌంటర్‌లో అయితే షెఫ్ మొదటి ముక్కకే గమనిస్తాడు. కుడిచేతికి అందేలా ఏటవాలుగా పెట్టే ముక్కను, రెండోసారి నుంచి అటు తిప్పి పెడతాడు.